కుందేటి కొమ్ములు

మన బడి వెనక గుట్ట గుర్తుందా? ఇప్పుడు సగం కంకరగా మారి రోడ్లెక్కింది కానీ, 1988లో మేం తొమ్మిదో తరగతి చదివేనాటికి నిండుగా ఉండేది. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు మా బయాలజీ సార్ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయేవారు. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరైనా నోరుజారి ఏ మొక్కనైనా "పిచ్చిమొక్క" అంటే, సోమవారంకల్లా దాని పేరు కనుక్కుని రావాలి. అమ్మనడిగినా సరే, పసులకాపరినడిగినా సరే.

ఆ నియమం పుణ్యమా అని ఉత్తరేణి, తుమ్మి, పల్లేరు, సుగంధిపాల మా క్లాసులో అందరికీ తెలిసిపోయాయి. జొన్నచేలో గునుగును చూసి పిచ్చిమొక్క అన్న అమ్మాయికి ఇంటి దగ్గర వాళ్లమ్మే చీవాట్లు పెట్టింది, "బతుకమ్మ నాడు దేంతోని పేరుస్తవే?" అని.

ఒకసారి సార్ "మన పాలమూరు చెట్టు ఒకటి చెప్పండి" అన్నారు. క్లాసంతా ఒక్కటే మాట, సీతాఫలం. బాలానగర్ సీతాఫలం అంటే దేశమంతా తెలిసిన రకం, మన పక్కనే పుట్టిన పేరు. ఇంక వేరే చెట్టు ఎందుకు గుర్తొస్తుంది? సార్ నవ్వి, ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండమని చెప్పారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. సీతమ్మ పేరు పెట్టుకున్న పండు పరాయిదెట్లా అవుతుందని లేచి అడిగాను. "వచ్చిన కోడలు ఇంటికి పేరు తెచ్చింది, మంచిదే బిడ్డా. ఆ సంబరంల ఇంట్ల పుట్టిన పిల్లల పేర్లు మరిచిపోతే ఎట్ల?" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇక నా వంతు. వానలు తగ్గుతున్న రోజులు. బండ పక్కన ముళ్లపొద నీడలో ఆకుల్లేని కాడలు నాలుగైదు నిలబడి ఉన్నాయి. ఆకుపచ్చగా, చూపుడువేలంత లావున, నాలుగు పలకలుగా ఉండి పైకి పోనుపోను సన్నబడ్డాయి. నేను ఒకదాన్ని పీకి, "ఇది మాత్రం పిచ్చిమొక్కే సార్" అని పారేశాను. సార్ ఆ కాడను తీసుకుని తిప్పి తిప్పి చూశారు. సోమవారం మా నాన్న చెప్పిన పేరు పట్టుకుపోయాను, బొమ్మజెముడు అని. "బొమ్మజెముడైతే తుంచితే పాలు కారాలె. దీంట్ల నీళ్లే ఉన్నయి చూడు" అని అక్కడే విరిచి చూపించారు. ఆ తర్వాత ఆయన అన్న మాట ఏ టీచర్ నోటా నేను మళ్లీ వినలేదు. "నాకు కూడ తెల్వదు. ఇద్దరం వెతుకుదాం. ఎవరికి ముందు దొరికితే వాళ్లు రెండోవాళ్లకు చెప్పాలె."

ఆ వేసవిలోనే సార్‌కు బదిలీ అయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న దసరా ముందు మా బ్యాచ్ కలుసుకున్నప్పుడు భోజనాలయ్యాక ఎటు పోదామని మాటొచ్చింది. సగం మంది పిల్లలమర్రి అన్నారు. చిన్నప్పుడు బడి నుంచి విహారయాత్ర పోయింది అక్కడికే కాబట్టి ఆ మమకారం సహజం. ఏడువందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే 2018లో దానికి మందు సెలైన్ లాగా చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ ఫోటోలు చూసి హైదరాబాద్‌లో కూర్చున్న నేను కూడా టెన్షన్ పడ్డాను. పెద్ద చెట్టుకు జబ్బు చేస్తే పరామర్శకు ఊరంతా కదులుతుంది. గుట్ట మీది చిన్న మొక్క పోయినా ఎవరికీ కబురు అందదు. అందుకే నేను పట్టుబట్టి అందరినీ జడ్చర్ల తీసుకుపోయాను, తెలంగాణ బొటానికల్ గార్డెన్ చూద్దామని.

అది ఉన్నది డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో. ముందే ఫోన్ చేసి చెప్పాం. కాలేజీ అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి పెంచిన తోట అది. తోట అనగానే పచ్చగడ్డి, గులాబీలు, రంగురంగుల క్రోటన్లు ఊహించుకోకండి. మన నేలలో, మన నల్లమలలో, మన గుట్టల మీద వాటంతటవే మొలిచే వందల రకాలను వెతికి తెచ్చి ఒకచోట నాటారు. గేటు దాటిన కాసేపటికే మాలో ఒకావిడ "ఇదేంది, మన చెల్క గట్టు లెక్కనే ఉన్నది" అంది. నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

బీఎస్సీ చదివే ఒకమ్మాయి మాకు దగ్గరుండి చూపించింది. మోదుగ, రేల, జమ్మి మాకు చెప్పక్కర్లేదు. దసరాకు ఆకు పంచుకునే జమ్మీ, చెరువుల్లో అడవిలా అల్లుకున్న సర్కారు తుమ్మా దగ్గరి చుట్టాలేనని, రెండోది అమెరికా నుంచి తెచ్చి వదిలిందని చెబితే మాత్రం అందరం ఆగిపోయాం. ఏగిస దగ్గర మళ్లీ ఆగాం. దాని కర్రతో చేసిన గ్లాసులో నీళ్లు పోసుకుని షుగర్ ఉన్నవాళ్లు తాగుతారు కదా, ఆ చెట్టు. మా బ్యాచ్‌లో ఇప్పుడు సగానికి సగం మందికి షుగర్ ఉంది, గ్లాసు అందరికీ తెలుసు, చెట్టును చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పునికి మొక్కను చూపించి, నిర్మల్ బొమ్మలు చెక్కేది ఈ తేలిక కర్రతోనే అంది. తపసి చెట్టు ఇంకా చిన్నదే. అడవిలో అయితే రాతి గుట్టల మీద తెల్లటి ఒంటితో నిలబడి ఉంటుంది, నల్లమలలో చెంచులు బంక తీసేది దాన్నుంచే.

చిల్ల చెట్టు దగ్గర నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. వానాకాలం బావి నీళ్లు ఎర్రగా వచ్చేవి. కుండ లోపలి అంచుకు చిల్లగింజను గరగరా అరగదీసి నీళ్లు పోసేది. పొద్దున్నకు మట్టి అడుగున కూర్చుని పైన తేట నీళ్లు. ఆ గింజను అరిగేదాకా వాడి, మిగిలిన ముక్కను గూట్లో దాచేది. చెట్టు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ అడగలేదు. ముదురాకుపచ్చ నున్నటి ఆకులు, ఆకు మొదలు నుంచి చివరిదాకా వంపు తిరిగిన ఈనెలు. ఒక ఆకు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయాను. మిగతావాళ్లు ముందుకు పోయారు.

వాళ్లను అందుకునేసరికి అందరూ బండరాళ్లు పేర్చిన ఒక మూల దగ్గర గుమిగూడి ఉన్నారు. రాళ్ల సందున అవే కాడలు. నాలుగు పలకలవి, ఆకుల్లేనివి. ముప్పై ఏళ్లు దాటినా అనుమానమే రాలేదు. నేను బోర్డు కోసం చూసేలోపే, మా వెనక బెంచీ మిత్రుడు, బడికి రాని రోజుల్లో మేకలు కాసినవాడు, "అరె, కుందేటి కొమ్ములు" అన్నాడు. "మేకలెంట తిరిగేటప్పుడు ఇవే తుంచుకుని తింటుంటిమి. ఆకలీ దూపా రెండూ ఆగుతయి. కొంచెం వగరు, కొంచెం పులుపు."

సార్ కోసం ఈ పేరే వెతికానని చెప్పాను. వాడు నా వైపు చూసి, "నన్నడగకపోతివి?" అన్నాడు. అంతే. నాకు మాట రాలేదు. పసులకాపరినడిగినా సరే అని సార్ అంత స్పష్టంగా చెప్పారు. ఆ కాపరి మూడు బెంచీల వెనకే కూర్చున్నాడు. నేను మొదటి బెంచీ దాటి వెనక్కి తిరిగి చూడలేదు. సాధ్యం కానిదానికి కుందేటి కొమ్మును పోలికగా చెప్పిన పద్యం కంఠతా వచ్చు నాకు. మా గుట్ట మీద కుందేటి కొమ్ములు మొలుస్తాయని మాత్రం తెలియదు.

ఆ అమ్మాయి చెప్పిన సంగతి ఇంకొకటుంది. ఈ మొక్కల జాతికి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం కారల్లుమా. తూర్పు ఇండియా కంపెనీ వైద్యుడిగా సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గురించి 1795 నుంచి పుస్తకాలు అచ్చువేయించాడు. మొక్కలకు ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లు కూడా రాసుకునేవాడు. అట్లా ఆయన రాసుకున్న "కారల్లం" నుంచే ఈ జాతి పేరు వచ్చిందట. సోమిద చెట్టుదీ అదే కథ, దాని జాతి పేరు సోయిమిడా. లాటిన్ పేర్లంటే భయపడి ఇంటర్‌లో బైపీసీ వదిలేసి ఎంపీసీ తీసుకున్నదాన్ని నేను. వాటిలో మా ఊరి మాటలే ఉన్నాయని అప్పుడు తెలిస్తే బాగుండేది. ఈ మొక్క సారాన్నే ఇప్పుడు బరువు తగ్గడానికి మాత్రలు చేసి అమ్ముతున్నారని కూడా ఆ అమ్మాయి చెప్పింది. మా మేకల మిత్రుడు చాలాసేపు తల ఆడిస్తూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో బాలానగర్ దగ్గర సీతాఫలాల గంపలు కనిపిస్తే ఆపి కొనుక్కున్నాం. కోడలు కోడలే, తీపి తీపే.

ఆ రాత్రి సార్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి ఆయనకు, గొంతు మాత్రం అదే. నా పేరు చెప్పకుండా "సార్, కుందేటి కొమ్ములు" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "బండ పక్కన పీకి పారేసినవు, ఆ పిల్లవేనా?" అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. అచ్చంపేట వైపు పనిచేసినప్పుడు ఒక చెంచు పెద్దాయన ఆయనకు ఈ పేరు చెప్పాడట. ముందు దొరికింది ఆయనకే. మాట ప్రకారం నాకు చెప్పాలని బడికి ఉత్తరం రాశారట, అప్పటికి మేం పది పాసై తలా ఒక దిక్కు పోయాం.

"పూత మీదున్నదా?" అని అడిగారు.

ఉందని చెప్పాను. కాడల కొసన చొక్కా బొత్తాలంత పూలు, వంగపండు రంగు, మధ్యలో పసుపు గీతలు.

"వాసన చూసినవా? ఏం పురుగులు వాలుతున్నయి?"

చూడలేదు. ఫోటోలు తీసుకుని వచ్చేశాను.

"మరి చూసి చెప్పు" అన్నారు.

వచ్చే శనివారం మళ్లీ పోతున్నాను. ఏ బ్యాచ్ వాళ్లయినా సరే, వచ్చేవాళ్లుంటే తొమ్మిదింటికి జడ్చర్ల బస్టాండు దగ్గర ఉంటాను.