ఆరోనియన్–ఆనంద్, 2013: మెరాన్‌లో బీ7 బిషప్‌కి దారి ఎలా దొరికింది

హంపి, హారిక, హరికృష్ణలను చూసి చెస్‌లోకి వచ్చే పిల్లలు విజయవాడ, గుంటూరుల్లో చాలామందే ఉన్నారు. వాళ్లలో నల్లపావులతో సెమీ–స్లావ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఎంచుకునేవాళ్లు అందులో ఒక శాఖ అయిన మెరాన్ పద్ధతి పది ఎత్తులదాకా చకచకా ఆడేస్తారు. ఆ తర్వాత సీ బంటును సీ5 గడికి ఎప్పుడు తోయాలన్న దగ్గర ఆగిపోతారు. ఆ ఒక్క ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబున్న గేమ్ నాకు కనిపించలేదు: 2013 జనవరి, నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జీ, తెల్లపావులు లెవాన్ ఆరోనియన్, నల్లపావులు అప్పటి ప్రపంచ చాంపియన్ విశ్వనాథన్ ఆనంద్. 23 ఎత్తుల్లో ముగిసింది.

ముందుగా పేర్ల సంగతి. ఏనుగు అంటే కొన్ని ఇళ్లలో మూల పావు, కొన్ని ఇళ్లలో ఏటవాలుగా నడిచే పావు. అందుకే రూక్, బిషప్ అనే రాస్తున్నాను. మంత్రి అంటే క్వీన్. గడి పేరులో అక్షరం నిలువు వరసని, అంకె తెల్లవైపు నుంచి లెక్కపెట్టే అడ్డ వరసని చెబుతాయి; గడి పేరొక్కటే ఉంటే అది బంటు ఎత్తు. అంకె పక్కన మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు.

బోర్డు తీసి ఈ ఎత్తులు వేయండి. 1. డీ4 డీ5 2. సీ4 సీ6 3. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6 4. గుర్రం సీ3, ఈ6 5. ఈ3, బీ8 గుర్రం డీ7 6. బిషప్ డీ3, డీ బంటు సీ4ని కొట్టింది 7. బిషప్ సీ4ని కొట్టింది, బీ5 8. బిషప్ డీ3, బిషప్ డీ6. ఇద్దరూ క్యాస్లింగ్ (రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో కదపడం) చేసుకున్నాక 10. మంత్రి సీ2, బిషప్ బీ7 11. ఏ3, రూక్ సీ8.

సీ4ని కొట్టడానికి నల్ల ఆరో ఎత్తుదాకా ఎందుకు ఆగాలి? తెల్ల బిషప్ డీ3కి వచ్చాక కొడితే, అది సీ4కి మళ్లీ కదలాలి. బీ5 తగలగానే తిరిగి డీ3కే పోవాలి. ఉన్న గడికే మూడు ఎత్తుల్లో చేరినట్టు. నల్లకి బీ5 చేతికొచ్చింది, బీ7లో బిషప్‌కి చోటు దొరికింది. తొందరపడి నాలుగో ఎత్తులోనో ఐదో ఎత్తులోనో కొట్టేసేవాళ్లకి ఈ లాభం ఉండదు.

అయితే సీ6 బంటు అక్కడే ఉన్నంతకాలం బీ7 బిషప్ గోడ వెనక కూర్చున్నట్టే. సీ5 పడకపోతే మెరాన్ నల్లకి భారమే: సీ బంటు వెనకబడిపోతుంది, దానిమీద తెల్ల రూక్‌లు కూర్చుంటాయి. 11వ ఎత్తులో రూక్ సీ8కి రావడానికి కారణమూ ఇదే. ఎదురుగా అదే వరసలో తెల్ల గుర్రం, దాని వెనక మంత్రి ఉన్నాయి. సీ వరస తెరుచుకుంటే ఆ రెండిటికీ ఇబ్బందే.

12. గుర్రం జీ5. హెచ్7 బంటు మీద గుర్రం, బిషప్, మంత్రి మూడూ గురిపెట్టాయి. ఇక్కడ చాలామంది హెచ్6 గానీ జీ6 గానీ వెతుకుతారు. ఆనంద్ హెచ్7ని వదిలేసి 12... సీ5 తోశాడు. 13. గుర్రం హెచ్7ని కొట్టింది. దాన్ని తిరిగి కొడితే బిషప్ చెక్‌తో తీసుకుంటుంది, నల్లకి ఒక బంటు పోయినట్టే. ఆనంద్ 13... గుర్రం జీ4 ఆడాడు. ఇప్పుడు తెల్ల ఆశపడి ఎఫ్8 రూక్‌ని తింటే: బిషప్ హెచ్2ని కొట్టి చెక్, రాజు హెచ్1, మంత్రి హెచ్4, ఆ తర్వాత బిషప్ జీ3కి తప్పుకుంటూ చెక్, రాజు జీ1, మంత్రి హెచ్2 మేట్. మధ్యలో జీ2 బంటును కదపడానికీ లేదు, బీ7 బిషప్ దాన్ని రాజుకి కట్టేసింది, కదిలితే రాజుకే చెక్.

అందుకే ఆరోనియన్ 14. ఎఫ్4తో డీ6 బిషప్ దారి మూశాడు. ఆ దారి మూసుకుంది గానీ, జీ1 రాజు దాకా వెళ్లే ఇంకో ఏటవాలు దారి తెరుచుకుంది. 14... సీ బంటు డీ4ని కొట్టింది, 15. ఈ బంటు తిరిగి కొట్టింది, 15... బిషప్ సీ5! డీ4 బంటుతో దాన్ని తింటే డీ7 గుర్రం సీ5ని కొడుతుంది. డీ వరస ఖాళీ అయింది కాబట్టి ఆ గుర్రం డీ3 బిషప్‌ని తిన్నా తెల్ల మంత్రి తిరిగి కొట్టలేదు. కొడితే డీ8 మంత్రికి చిక్కుతుంది.

16. బిషప్ ఈ2, 16... డీ7 గుర్రం ఈ5! ఇది చాలాసేపు చూడాల్సిన ఎత్తు. డీ4 బంటు దీన్ని కొట్టలేదు, రాజుకి కట్టుబడి ఉంది. ఎఫ్ బంటుతో కొడితే మంత్రి డీ4 చెక్, రాజు హెచ్1, మంత్రి జీ1 చెక్! సీ5 బిషప్ కాపు కాస్తోంది కాబట్టి రాజు తినలేడు, రూక్ తినాలి. అప్పుడు గుర్రం ఎఫ్2 మేట్. తన పావుల మధ్యే రాజు ఊపిరాడక పడిపోతాడు.

17. బిషప్ జీ4ని కొట్టింది, బిషప్ డీ4ని చెక్‌తో తీసుకుంది 18. రాజు హెచ్1, గుర్రం జీ4ని కొట్టింది 19. గుర్రం ఎఫ్8 రూక్‌ని తినేసింది. బ్లిట్జ్‌లో (కొన్ని నిమిషాల్లో ముగిసే వేగపు ఆటలో) అయితే చెయ్యి వెంటనే ఎఫ్8 మీదకి పోతుంది. ఆనంద్ 19... ఎఫ్5 వేశాడు, ఎందుకంటే సీ2 నుంచి హెచ్7కి తెల్ల మంత్రి దారి తెరిచే ఉంది. ఇప్పుడు గుర్రం ఈ6ని తిని మంత్రిని, డీ4 బిషప్‌ని ఒకేసారి పట్టినా లాభం లేదు: మంత్రి హెచ్4, హెచ్3, మంత్రి జీ3, ఇక హెచ్2లో మేట్ తప్పదు. హెచ్4ని కాయడానికే ఆరోనియన్ 20. గుర్రం జీ6 ఆడాడు. 20... మంత్రి ఎఫ్6 21. హెచ్3, మంత్రి గుర్రాన్ని తీసుకుంది. జీ4 గుర్రాన్ని బంటుతో తింటే మంత్రి హెచ్6 మేట్.

22. మంత్రి ఈ2, మంత్రి హెచ్5. హెచ్3లో మేట్ బెదిరింపు. జీ2 బంటు ఇంకా కట్టుబడే ఉంది. 23. మంత్రి డీ3తో ఆరోనియన్ మూడో వరస వెంట హెచ్3ని కాచాడు. 23... బిషప్ ఈ3! ఆ వరస తెగింది, జీ1 మీద బిషప్ పట్టు మాత్రం పోలేదు. సీ1 బిషప్‌తో ఈ3ని కొడితే మంత్రి హెచ్3 చెక్, తర్వాత హెచ్2లో మేట్. మంత్రితో కొడితే గుర్రం మంత్రిని తీసుకుంటుంది. ఆరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ చివరి పొజిషన్‌లో పావులు లెక్కపెట్టండి. బంటులు ఐదూ ఐదూ. నల్ల బిషప్‌కి బదులు తెల్లకి ఒక రూక్ ఎక్కువుంది, అంటే లెక్కలో ముందున్నది తెల్లే. కానీ ఏ1 రూక్, సీ1 బిషప్ గేమ్ మొత్తంలో ఒక్కసారి కూడా కదల్లేదు. ఒక్క గుర్రమే ఎఫ్3 నుంచి జీ6 దాకా నాలుగు ఎత్తులు తినేసింది. సీ5 తోయడానికి సరైన సమయం అదే అనడానికి నాకు కనిపించే ఆధారం ఇది: తెల్ల గుర్రం రాజు పక్కన బంటు కోసం వెళ్లింది, మంత్రి పక్క పావులు ఇంట్లోనే ఉన్నాయి, నల్ల రూక్ సీ8లో సిద్ధంగా ఉంది.

మెరాన్ అనే పేరు ఇటలీలోని మెరానోలో 1924లో జరిగిన టోర్నీ నుంచి వచ్చింది. అక్కడ గ్రూన్‌ఫెల్డ్ మీద ఈ పద్ధతి ఆడింది అకీబా రూబిన్‌స్టైన్. ఆయనే 1907లో లోడ్జ్‌లో నల్లపావులతో రోట్లెవీని ఓడించిన గేమ్‌ని దీని పక్కన పెట్టి ఆడి చూడండి. అక్కడా గుర్రం జీ4కి వస్తుంది, బీ7లో ఒక బిషప్, జీ1 వైపు చూస్తూ బీ6లో ఇంకొకటి. రెండు బోర్డులు పక్కపక్కన పరిచి, లోడ్జ్ గేమ్‌లో 19వ ఎత్తు దగ్గర, ఈ గేమ్‌లో 15వ ఎత్తు దగ్గర ఆగి, తర్వాతి ఎత్తు మీద కాగితం కప్పి పదేసి నిమిషాలు ఆలోచించండి.