భూగర్భం నుంచి పైకి

2018 నాటి జపాన్ అనిమే ‘ఏంజెల్స్ ఆఫ్ డెత్’ 16 భాగాలూ నిన్న రాత్రితో పూర్తిచేశాను. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. భూగర్భంలోని ఏడో అంతస్తులో కళ్లు తెరిచిన 13 ఏళ్ల రేచెల్, ఒళ్లంతా కట్లు కట్టుకుని పెద్ద కొడవలి పట్టిన హంతకుడు జాక్‌తో చేతులు కలుపుతుంది. బయటపడ్డాక అతను తనను చంపాలన్నదే వారి ఒప్పందం.

జాక్‌కు చదవడం రాదు. రాతలు ఎదురైన చోటల్లా అతను విసుగ్గా నిలబడితే, జీవం లేని నీలికళ్లతో ఆమె వాటిని చదివి దారి వెతుకుతుంది. అడ్డొచ్చినవాటిని బద్దలుకొట్టడం అతని వంతు. మధ్యలో కథ కొంత సాగిన మాట నిజమే. అయినా, అబద్ధమంటే గిట్టని ఆ హంతకుడి మాటనే ప్రమాణంగా పట్టుకుని ఆ పిల్ల ఒక్కో అంతస్తూ ఎక్కడం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతోంది.