రేంజర్‌కి డానా 44: పనంతా స్టీరింగ్‌లోనే

అమెరికాలో పాత ఫోర్డ్ రేంజర్ (1983–97) ఫోర్‌వీల్ పికప్‌కి గట్టి ముందు యాక్సిల్ వేయాలంటే ఎక్కువమంది వెతికేది 1978–79 ఫోర్డ్ బ్రాంకో, ఎఫ్-150 బండ్ల డానా 44 యాక్సిల్‌నే. దాని లోపలి పెద్ద పళ్ల చక్రం (రింగ్ గేర్) 8.5 అంగుళాలు. ఆ గేర్లుండే డిఫరెన్షియల్ గుండు రేంజర్‌లో లాగే డ్రైవర్ వైపు ఉంటుంది కాబట్టి ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌తో పేచీ లేదు.

అసలు తిప్పలు వేరే. రేంజర్ యాక్సిల్ రెండు ముక్కలు, దేనికదే ఊగుతుంది. డానా 44 ఒకే దూలం. అది పక్కకి జరక్కుండా ఫ్రేమ్‌కీ యాక్సిల్‌కీ మధ్య అడ్డంగా ట్రాక్ బార్ అనే కడ్డీ పెట్టాలి. ఆ బార్, స్టీరింగ్ కదలికని చక్రాలకి చేర్చే డ్రాగ్ లింక్ కడ్డీ రెండూ ఒకే వాలులో, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. లేదంటే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. స్టీరింగ్ అదురుని అణిచే డ్యాంపర్ బిగిస్తే పోతుందనుకోవడం ఉత్త భ్రమ.

స్ప్రింగులు తీసి, యాక్సిల్‌ని జాకీతో బంప్ స్టాప్ (యాక్సిల్ ఇక పైకి లేవకుండా ఆపే దిమ్మ) దాకా లేపి చూడండి. గుండు ఆయిల్ పాన్‌కో క్రాస్‌మెంబర్‌కో తగులుతుందా అన్నది అప్పుడే బయటపడుతుంది. అందాకా బ్రాకెట్లన్నీ టాక్ వెల్డ్ (తాత్కాలిక చుక్క వెల్డింగ్) మీదే ఉంచాలి. యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి ముందువెనకలుగా పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌లతో బండి ఎత్తు పెంచేకొద్దీ క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. అది మరీ తగ్గిపోతే హైవే మీద బండి నిలకడగా పోదు.

వీల్ బోల్టులు రేంజర్‌కి 5×4.5 అంగుళాలు (4.5 అంగుళాల వలయం మీద అయిదు బోల్టులు), డానా 44కి 5×5.5. వెనక కూడా మార్చకపోతే రెండు స్టెప్నీలు మోయాల్సిందే! గేర్ రేషియో (చక్రం ఒక్క చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) ముందు 4.09, వెనక 4.10 అయితే పర్లేదు. 3.50తో 4.10 కలిపి గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేస్తే మాత్రం డ్రైవ్‌లైన్ (చక్రాలకి శక్తిని చేర్చే షాఫ్టులు, గేర్లు) బిగుసుకుపోతుంది.

బ్రేక్ హోస్ పొడవు చక్రం పూర్తిగా వేలాడుతుండగా, స్టీరింగ్ చివరిదాకా తిప్పి కొలవండి.