ఎక్లిప్స్‌లో చుక్క పెట్టినా సజెషన్లు రాకపోతే: నా అనుభవం

గాజువాకలో మా ఇంట్లో డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేదు. వానకి రాత్రి కరెంటు పోయింది, అప్పటికి ఎక్లిప్స్ (జావా ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్) తెరిచే ఉంది. పొద్దున్న మళ్లీ తెరిచి ఒక స్ట్రింగ్ వేరియబుల్ పక్కన చుక్క పెడితే ఏమీ రాలేదు. కంట్రోల్ స్పేస్ నొక్కితే 'నో డిఫాల్ట్ ప్రపోజల్స్', అంటే సజెషన్లేవీ లేవు, అన్న ఒక్క లైను వచ్చింది. తప్పంతా కరెంటుదే అనుకున్నాను. తీరా చూస్తే తప్పులు రెండు, అందులో కరెంటుది ఒక్కటే.

సెట్టింగుల జోలికి వెళ్లేముందు, సజెషన్లు ఏ రకంగా ఆగాయో చూసుకోవాలి. కంట్రోల్ స్పేస్‌కి చిన్న పెట్టె కూడా రాకపోతే ఎడిట్ మెనూలో కంటెంట్ అసిస్ట్, దాని కింద డిఫాల్ట్ నొక్కి చూడండి. అక్కడ జాబితా వస్తే ఎక్లిప్స్ బాగానే ఉంది, మీ కీని మధ్యలో ఇంకెవరో పట్టుకుంటున్నారు. లినక్స్‌లో తెలుగు టైపింగ్ కోసం ఐబస్ పెట్టుకున్నవాళ్లకి, ముఖ్యంగా పాత వెర్షన్లలో, ఇది మామూలే: భాష మార్చే కీ కూడా కంట్రోల్ స్పేసే. ఐబస్‌లో మార్చుకోవచ్చు, లేదా ఎక్లిప్స్ ప్రిఫరెన్సెస్‌లో జనరల్, కీస్‌కి వెళ్లి కంటెంట్ అసిస్ట్‌కి వేరే కీ ఇవ్వొచ్చు. ఆల్ట్ స్లాష్ పనిచేస్తోంది కదా అని మోసపోకండి. అది తెరిచిన ఫైళ్లలోని పదాలు వెతికి పూర్తిచేస్తుందంతే, దానికి జావా తెలియదు.

నాకు పెట్టె వచ్చింది, లోపల సరుకు లేదు. 'సిస్‌అవుట్' అని కొట్టి కంట్రోల్ స్పేస్ నొక్కితే మాత్రం ప్రింట్‌ఎల్‌ఎన్ లైను చక్కగా పడింది. అసలు ఆచూకీ అక్కడ దొరికింది: టెంప్లేట్లు (ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలు) వస్తున్నాయి, జావా ప్రపోజల్స్ రావట్లేదు. విండో, ప్రిఫరెన్సెస్, జావా, ఎడిటర్, కంటెంట్ అసిస్ట్, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లాను. పై జాబితాలో టెంప్లేట్ ప్రపోజల్స్‌కి తప్ప దేనికీ టిక్ లేదు. ముందురోజే మైలిన్ అనే, చేయాల్సిన పనుల జాబితా చూసుకునే ప్లగిన్ తీసేశాను. అది ఉన్నప్పుడు జావా ప్రపోజల్స్ స్థానంలో తన టాస్క్ ఫోకస్డ్ రకాన్ని పెట్టుకుంటుంది. తీసేశాక పాత టిక్ తిరిగి పడలేదు. రిస్టోర్ డిఫాల్ట్స్, తర్వాత అప్లై నొక్కితే సరిపోయింది. చేత్తో టిక్ పెట్టేవాళ్లు 'జావా ప్రపోజల్స్' ఒక్కటి పెడితే చాలు. దానితోపాటు 'జావా టైప్', 'జావా నాన్ టైప్' కూడా పెడితే ప్రతి సజెషనూ రెండేసి సార్లు కనిపిస్తుంది.

అదే కంటెంట్ అసిస్ట్ పేజీలో ఆటో యాక్టివేషన్‌కి (సజెషన్లు వాటంతటవే వచ్చేలా చేసేది) టిక్ ఉందో లేదో, జావా ట్రిగ్గర్ల గడిలో చుక్క ఉందో లేదో చూడండి. కొందరు ఆ గడిలో ఆంగ్ల అక్షరాలు ఇరవైయారూ నింపేస్తారు. నాకది నచ్చదు. కొత్త వేరియబుల్‌కి పేరు పెడుతుంటే మనం అడగని పేరు వచ్చి కూర్చుంటుంది. నింపక తప్పదనుకుంటే ఎంటర్ తప్ప మిగతా ఇన్సర్షన్ ట్రిగ్గర్లను (సజెషన్‌ని కోడ్‌లో పడేసే కీలను) ఆపేసే టిక్ కూడా పెట్టుకోండి.

ఇక స్ట్రింగ్ పక్కన చుక్క పెడితే మెథడ్లన్నీ వచ్చాయి. కానీ అరేలిస్ట్ అనే క్లాసు పేరు సగం కొట్టి కంట్రోల్ స్పేస్ నొక్కితే మళ్లీ నిశ్శబ్దం. కరెంటు చేసిన పని ఇది. టైపు తెలిసిన వేరియబుల్ మెథడ్లు చూపడానికి ఆ క్లాసు ఒక్కటి చదివితే చాలు. క్లాసు పేర్లు వెతకడానికి మాత్రం ఇండెక్స్ (ఎక్లిప్స్ కట్టుకునే పేర్ల పట్టిక) కావాలి. అది డిస్క్ మీదకి రాస్తుండగా మిషను ఆగిపోతే పాడవుతుంది.

కొత్త వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని జావా పేజీలోనే రీబిల్డ్ ఇండెక్స్ బటన్ ఉంది. పాత వెర్షన్ అయితే ముందు ఎక్లిప్స్ మూసేయాలి. వర్క్‌స్పేస్‌లో చుక్కతో మొదలయ్యే మెటాడేటా ఫోల్డర్, అందులో ప్లగిన్స్, అందులో జేడీటీ కోర్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరవండి. ఇండెక్స్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లూ, సేవ్డ్‌ఇండెక్స్‌నేమ్స్ అనే టెక్స్ట్ ఫైలూ తీసేసి ఎక్లిప్స్ మళ్లీ తెరిస్తే అదే కొత్తగా కట్టుకుంటుంది. కుడి కింద మూలన ఇండెక్సింగ్ పూర్తయ్యేదాకా ఆగండి. ఆ మధ్యలో సజెషన్లు అరకొరగా వస్తే కంగారుపడక్కర్లేదు. మెటాడేటా ఫోల్డర్ మొత్తం తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, వినకండి. మీ కోడ్ పోదు గానీ ప్రిఫరెన్సులు, రన్ కాన్ఫిగరేషన్లు, పాత మార్పులు దాచే లోకల్ హిస్టరీ అన్నీ పోతాయి.

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకి వెళ్లే మా వీధి పిల్లలు "అన్నా, చుక్క పెట్టినా ఏం రావట్లేదు" అని వస్తే మాత్రం నేను ఈ పేజీలేవీ తెరవను. ముందు ఫైలు ఐకాన్ చూస్తాను. లోపల రంగు లేని బోలు 'జె' కనిపిస్తే ఆ ఫైలు సోర్స్ ఫోల్డర్‌లో లేదన్నమాట. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైల్, ఓపెన్ ఫైల్ అని తెరిస్తే అంతే, దానికి ప్రాజెక్టూ లేదు, లైబ్రరీలూ లేవు. జావా ప్రాజెక్టు తెరిచి ఫైలుని అందులోని ఎస్‌ఆర్‌సీ లోకి లాగితే పని అయిపోతుంది. ప్రాజెక్టు ఉన్నా సిస్టమ్ అన్న క్లాసు కూడా తెలియనట్టు ఉంటే జావా బిల్డ్ పాత్‌లో లైబ్రరీస్ చూడండి. జేఆర్‌ఈ (జావా ప్రోగ్రాముల్ని నడిపేది) పక్కన 'అన్‌బౌండ్' అని ఉంటే ఆ జావా మీ మిషన్‌లో లేదు, ఉన్నదాన్ని ఎంచుకోండి. జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో పనిచేసే పద్ధతి) నేర్చుకునేవాళ్లకి ఇంకో చిక్కు: ప్రాజెక్టులో మాడ్యూల్ ఇన్ఫో ఫైలు (ఏ మాడ్యూళ్లు కావాలో రాసుకునేది) పడితే జావా 9 నుంచి అందులో జావా ఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌కి రిక్వైర్స్ లైను రాస్తే గానీ కనెక్షన్ లాంటి క్లాసులు వాడనివ్వదు. నేర్చుకునే ప్రోగ్రాములకి ఆ ఫైలు తీసేయడమే సుఖం.

నా మిషన్‌కి తర్వాత 600 వీఏ యూపీఎస్ పెట్టాను. కరెంటు పోతే ఎక్లిప్స్‌ని పద్ధతిగా మూసుకునేంత టైము ఇస్తోంది.