బట్టీని బట్టి గురువు: నా అనుభవం

కుండల పని నేర్చుకునేవాళ్లు స్ఫూర్తి కోసం నేటి సిరామిక్ కళాకారుల్ని వెతికేటప్పుడు ఫోటో బాగుంటే చాలు, దాచిపెట్టుకుంటారు. నేను ముందు రెండే చూస్తాను: ఏ మట్టి, ఎంత వేడి. నా దగ్గర ఉన్నది ఎర్రమట్టి, చిన్న ఎలక్ట్రిక్ బట్టీ. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్టోన్‌వేర్ (చాలా ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడే పాత్రలు) కళ్లు చెదరగొడుతుంది. కానీ అంత వేడి మన బట్టీకి అందదు.

అలా వడపోస్తే మిగిలిన పేరు మాగ్డలీన్ ఓడుండో. 1950లో నైరోబీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డారు. సారె వాడరు, గ్లేజ్ (గాజులా కరిగి అంటుకునే పూత) పూయరు. మట్టి చుట్టలు పేర్చి చేత్తో లేపి, సన్నమట్టి పూత పూసి, మెరుగు పెట్టి కాలుస్తారు. గాలి ఆడేలా కాలిస్తే నారింజ రంగు, గాలి అందకుండా మూసి మళ్లీ కాలిస్తే నలుపు. ఒకరు దొరికాక వాళ్లెవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వెతకాలి. ఓడుండో విషయంలో ఆ దారి నైజీరియాలోని అబుజా పాటరీ అనే కుండల శిక్షణ కేంద్రానికి, అక్కడి లాడీ క్వాలీకి చేరుతుంది. ఆ కుమ్మరి బొమ్మ నైజీరియా 20 నైరా నోటు వెనక ఉంటుంది!

ఫోటోలో సైజు తెలియదు. మ్యూజియం వివరాల్లోని ఎత్తు చూసి, అట్ట మీద అసలు కొలతకు గీసి, కత్తిరించి బల్ల మీద నిలబెడతాను. రెండు వైపుల నుంచీ గీయాలి. ఓడుండో పాత్రల మూతి ఒరిగి ఉంటుంది, సగం గీసి అద్దంలా తిప్పేస్తే ఆ ఒరుగు పోతుంది.

పూత దగ్గరే ఎక్కువ తిప్పలు. ఇది ఓడుండో కొలత కాదు, మామూలుగా వాడేదే: లీటరు నీళ్లు, 400 గ్రాముల పొడి ఎర్రమట్టి, 2 గ్రాముల సోడియం సిలికేట్ (మట్టి రేణువుల్ని విడివిడిగా ఉంచే రసాయనం). బాగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచితే పైన నీళ్లు, మధ్యన పలచటి సన్నమట్టి, అడుగున మడ్డి. కావలసింది మధ్యదే, సన్న గొట్టంతో లాగాలి. బోరు నీళ్లు వద్దు. వాటిలోని కాల్షియం మట్టి రేణువుల్ని ముద్దగా చేర్చి అంతా ఒకేసారి కిందికి దింపేస్తుంది. వాన నీళ్లు లేదా ఆర్‌ఓ నీళ్లు నయం.

కుండ పూర్తిగా ఆరాక మూడు పలచటి పూతలు. మందంగా పూస్తే పెచ్చులూడుతుంది. తడి మెరుపు పోగానే బొటనవేలికి పలచటి ప్లాస్టిక్ సంచి చుట్టి రుద్దాలి. ఆలస్యమైతే మెరుపు రాదు, తొందరపడితే పూత వేలికంటుకుని లేచిపోతుంది. 950 డిగ్రీలు చాలు; వెయ్యి దాటితే మెరుపు మసకబారుతుంది.

నలుపును ఎలక్ట్రిక్ బట్టీలో ప్రయత్నించొద్దు, పొగ బట్టీని వేడెక్కించే తీగల్ని తినేస్తుంది. ఒకసారి కాలిన కుండను రంపపు పొట్టుతో ఇనుప డబ్బాలో పెట్టి, మూత సందుల్లో తడిమట్టి మెత్తి, ఆరుబయట ఇటుకల మధ్య కాలుస్తాను. పూర్తిగా చల్లారక ముందే మూత తీస్తే కార్బన్ కాలిపోయి ఎర్రమచ్చలు తేలతాయి. ఎంత మెరిసినా అది గ్లేజ్ కాదు, లోపల నీళ్లు పోస్తే ఊరుతుంది.