జీపులు కాదు, అంబులెన్సులే

పాత సైనిక వాహనాలు సేకరించేవాళ్లలో చాలామందికి జీపులంటేనే ముద్దు. నాకేమో అంబులెన్సుల పిచ్చి. ఇప్పుడు ఆస్టిన్ కే2 బాగుచేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బండి. నాలుగు స్ట్రెచర్లు పడతాయి, లేదంటే పదిమంది కూర్చోవచ్చు. డ్రైవరు పక్కన తలుపులు లేవు, కాన్వాసు తెరలే! ఎముకలు కొరికే చలిలో, వెనక నుంచి మూలుగులు వినబడుతుండగా దీన్ని నడిపినవాళ్లను తలుచుకుంటే, మొండికేసే ఇంజనును తిట్టుకోవడానికి మొహమాటమేస్తుంది. అమెరికన్ డాడ్జ్ డబ్ల్యూసీ-54 కాస్త నయం. గాయపడినవాళ్లు కుదుపులకు అల్లాడకుండా స్ప్రింగులు మెత్తగా పెట్టారు.

రంగు వేసేటప్పుడే అసలు చిక్కు. రెడ్‌క్రాస్ గుర్తుకు జెనీవా ఒప్పందాల, అంటే యుద్ధ నియమాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందాల, రక్షణ ఉంది. సొంత బండి మీద ఇష్టం వచ్చినట్టు వేసుకోవడానికి చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. అది లేకపోతే బండికి కళే లేదని తోటి సేకర్తలు కొందరు సణుగుతారు. నాకు ఆ బాధ లేదు. కాల్పులు ఆపించాల్సిన గుర్తు ప్రదర్శనల్లో అలంకారం కాకపోవడమే మంచిది. ఆ గుర్తు ఉండాల్సిన తెల్ల చతురస్రాన్ని ఖాళీగా వదిలేస్తాను.

స్ట్రెచర్లు జారే పట్టాలు మాత్రం దొరకడం లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, తుప్పు పట్టినవైనా సరే.