అటక మీది పెట్టె, దొడ్లో పుట్ట

మొన్న సంక్రాంతికి నూజివీడు దగ్గర మా అమ్మమ్మగారింట్లో అటక దులిపాం. తాతయ్య పద్దుల పుస్తకాలు దాచిన మామిడి చెక్క పెట్టె పైకి నిక్షేపంలా ఉంది. పట్టుకుని లాగితే వేళ్లు లోపలికి దిగిపోయాయి. పైన ఉల్లిపొరంత మిగిల్చి, లోపలంతా చెద తినేసి మట్టి నింపింది. పుస్తకాల్లో మిగిలినవి అట్టల మీది రెగ్జిన్, మా మామయ్య లామినేషన్ చేయించుకున్న టెన్త్ మెమో. పక్కనే ఉన్న టేకు దూలం జోలికి మాత్రం పోలేదు.

"ఇంత కర్ర ఎట్లా అరుగుతుందే వీటికి?" అంది అమ్మ. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని, నోరు ఊరుకుంటుందా!

అన్నంలో పిండి అయినా, కర్రలో సెల్యులోజ్ అయినా గ్లూకోజ్ గొలుసులే. అతుకు తీరు వేరు, అంతే. సెల్యులోజ్ అతుకు విప్పే ఎంజైమ్ మనకి లేదు. చెదకి కొంత ఉందని 1998లో జపాన్ పరిశోధకులు దాని జన్యువుల్లోనే చూపించారు గానీ, చాలా రకాలకి అదొక్కటే చాలదు. 1920ల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఆయన చెదల పేగులోని ప్రోటోజోవాలను, అంటే కంటికి కనపడని ఏకకణ జీవుల్ని, చంపి చూశాడు. చెదలు ఎప్పట్లాగే కర్ర తిన్నాయి, తింటూనే ఆకలితో చచ్చాయి. ప్రోటోజోవాలను తిరిగి ఎక్కించినవి బతికాయి. కర్ర నలుసుల్ని మింగి విరగ్గొట్టేది అవి. అవి వదిలే ఎసిటేటే చెదకి తిండి. కుబుసం విడిచినప్పుడల్లా పేగు పొరతోపాటు ఈ అద్దెవాళ్లూ పోతారు. మళ్లీ తెచ్చుకోవాలంటే తోటి చెద వెనకవైపు నుంచి వచ్చే ద్రవం తాగాలి. ఈ ముక్క దగ్గర పిన్ని పకోడీల పళ్లెం పక్కన పెట్టేసింది.

పద్నాలుగేళ్లుగా క్లాసులో నేను చెప్పేది ఇంతే. కానీ మన పుట్టలు పెట్టే ఒడొంటోటర్మిస్ లాంటి చెదల పేగులో ఆ ప్రోటోజోవాలే ఉండవు. వాటిది వ్యవసాయం.

ఆ మర్నాడే పొలం గట్టున పైపులైను కోసం పొక్లెయిన్‌తో తవ్వుతుంటే ఒక పుట్ట తెగింది. లోపల అరచేతిలో పట్టేంత గోధుమరంగు గడ్డ, స్పాంజీలా ముడతలు ముడతలుగా. ఒత్తితే పొడిపొడిగా రాలింది. దాని నిండా గసగసాలు చల్లినట్టు తెల్లటి బుడిపెలు. నమిలిన కర్ర పేగులోంచి గబగబా దాటి బయటికొస్తే, దాంతోనే ఈ గడ్డ కడతాయి. దాని మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం పెరిగి, కర్రకి గట్టిదనమిచ్చే మొండి లిగ్నిన్‌ని కూడా మెత్తబరుస్తుంది. చెదలు ముందు ఆ బుడిపెల్ని తింటాయి, తర్వాత బాగా మాగిన పాత గడ్డని. అంటే సగం అరుగుదల కడుపు బయటే అయిపోతుంది.

వానలకి ఆ శిలీంధ్రమే నేల చీల్చుకుని గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు! చిన్నప్పట్నించీ కూర వండుకు తింటూ, ఆ మాటలో పుట్ట ఎందుకుందో నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఇంతకీ చెద మందు కొట్టడానికి వచ్చినతను అటకతో ఆగకుండా, అడక్కుండానే దొడ్లో చింతచెట్టు కింది పుట్టలోనూ ఒక డబ్బా కుమ్మరించి పోయాడు. ఏటా నాగుల చవితికి పాలు పోసే పుట్ట అది. అమ్మమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఈ ఏడు అక్కడ లేచిన గొడుగులు వండొద్దని చెప్పి వచ్చాను. "అసలు లేస్తే కదా" అంది.